ముప్పై ఎనిమిది బాక్సులు

మా కేబుల్ ఆఫీసులో ఆమెను అందరూ లేటు మేడమ్ అనేవారు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క రోజైనా ఆలస్యంగా వచ్చిన పాపాన పోలేదు. ఆ పేరు చేసే పనిని బట్టి వచ్చింది. ఇళ్లలో ఉన్న సెట్‌టాప్ బాక్సులు మా కంట్రోల్ రూముకు ఎంత ఆలస్యంగా జవాబిస్తున్నాయో చెప్పే రిపోర్టు రోజూ ఒకటి వస్తుంది. దాన్ని చదివి అర్థం చెప్పడం ఆమె పని. కొత్తగా చేరినవాళ్లు ఫోనెత్తి "లేటు మేడమ్ కావాలట!" అని అరిస్తే, "ఇంకా ఆ లేటు కాలేదు నాయనా, బతికే ఉన్నాను, ఇటివ్వు" అంటూ రిసీవరు అందుకునేది.

నా బల్ల ఆమె బల్లను ఆనుకునే ఉండేది. కొత్త కనెక్షన్ల ఫారాలు, చిరునామా మార్పులు, కస్టమర్లకు వెళ్లే ఉత్తరాలు నా పని. మా ఇద్దరికీ కలిపి ఒక ఫ్యాను, ఒక చెత్తబుట్ట.

ఆమె మొదట చేరింది ఫిర్యాదుల ఫోను దగ్గర. బొమ్మ రావట్లేదని ఒకరు, బొమ్మ వస్తోంది మాట రావట్లేదని ఒకరు, పక్కింట్లో అన్నీ వస్తున్నాయి మీకు మేమే దొరికామా అని ఇంకొకరు. పదేళ్లు విన్నది. ఆ తర్వాత కొత్త రకం బాక్సులు వచ్చాయి. పాతవి మనం పంపింది పుచ్చుకుని ఊరుకునేవి. కొత్తవి పిలిస్తే పలుకుతాయి. కంట్రోల్ రూములోని యంత్రం ఒక్కొక్క బాక్సునూ నంబరు పెట్టి పిలుస్తుంది, అది పలుకుతుంది, ఈ రెంటికీ మధ్య ఎంతసేపు పట్టిందో యంత్రం రాసిపెడుతుంది. రోజూ పొద్దున్నే అరవై పేజీల అంకెలు అచ్చయ్యేవి. వాటి మొహం చూసినవాళ్లు లేరు. వెనకవైపు తెల్లగా ఉంటుంది కనుక మేం చిత్తుకాగితాలుగా వాడుకునేవాళ్లం.

ఒకసారి యంత్రం బాగుచెయ్యడానికి వచ్చిన ఇంజనీరును ఆమె ఆపి అడిగింది. "ఈ అంకెలు ఏం చెప్తాయి బాబూ?"

"దూరం చెప్తాయండీ. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క మైక్రోసెకను. జవాబు ఒక మైక్రోసెకను ఆలస్యమైందంటే ఆ బాక్సు నూట పాతిక మీటర్ల వైరు అవతల ఉన్నట్టు."

"మా ఇంట్లో కూడా అంతే. అమ్మాయిని పిలిస్తే, వెంటనే పలికితే పక్క గదిలో ఉన్నట్టు. ఆగి పలికితే మేడ మీద ఉన్నట్టు. అసలు పలక్కపోతే నా ఎదురుగానే పుస్తకంలో తలదూర్చి కూర్చున్నట్టు."

ఆ ఇంజనీరు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు గానీ, ఆమె మాత్రం ఆ సాయంత్రమే అట్ట వేసిన పెద్ద రిజిస్టరు ఒకటి మొదలుపెట్టింది. వీధికో పేజీ. ఏ బాక్సు మామూలుగా ఎంతలో పలుకుతుందో ఏడాదికోసారి చూసి పెన్సిల్‌తో రాసుకునేది. కొన్ని బాక్సులకు పుట్టుబద్ధకం, ఎక్కడ పెట్టినా అర మైక్రోసెకను వెనకే. అవి ఏవో ఆమెకు కంఠతా వచ్చు. వాన పడ్డ రోజున ఒక వీధి అంకెలు కుదురు లేకుండా గంతులేస్తుంటే, లైన్ వాళ్లకు ఫోను చేసి "మూడో స్తంభం జాయింటులోకి నీళ్లు పోయాయి, చూడండి" అనేది. వెళ్లి చూస్తే నిజంగానే నీళ్లుండేవి. లైన్ వాళ్లకు పెద్ద ఆమె సొంత మరిదే. మొదట్లో ఎగతాళి చేసేవాడు. ఏడాది తిరిగేసరికి నిచ్చెన ఎక్కేముందు ఫోను చేసి "వదినా, ఏ స్తంభం ఎక్కమంటావు?" అని అడగడం మొదలుపెట్టాడు.

కానీ పై అధికారి ఎవరూ ఆ రిపోర్టు గురించి ఆమెను అడగలేదు. పన్నెండేళ్లు అలాగే గడిచాయి.

ఒక వేసవి చివర కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు. తొందర మనిషి. కుర్చీలో పూర్తిగా కూర్చోకుండా అంచున ఆనుకుని ఉండేవాడు, ఎవరో పిలిస్తే పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఒక ఇంటి పేరున తీసుకున్న బాక్సును కొందరు వేరే చోటికి పట్టుకుపోయి వాడుతున్నారని, వాళ్లను కనిపెట్టాలని పైనుంచి అతనికి చెప్పారు. ఒకరోజు పొద్దున్నే నేరుగా లేటు మేడమ్ బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, మీ రిపోర్టు చూసి ఏ బాక్సు ఇల్లు మారిందో చెప్పగలరా?"

ఆమె లేచి నిలబడింది. "చెప్పగలను సార్."

"ఎన్ని రోజులు పడుతుంది?"

"రోజులెందుకు సార్? భోజనాల వేళకు ఇచ్చేస్తాను."

ఆమె మొహం నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. పరీక్షలో తనకు బాగా వచ్చిన ప్రశ్నే పడ్డ పిల్లలా వెలిగిపోయింది. మామూలుగా అయితే ముందు వీధి పేజీ తీసి, ఇరుగుపొరుగు బాక్సులు ఎలా ఉన్నాయో చూసుకుని, ఆ తర్వాతే మాట్లాడే మనిషి. ఆ రోజు అలా చెయ్యలేదు. పాత రిపోర్టులోని అంకె ఒక పక్క, ఆ పొద్దుటి అంకె ఒక పక్క పెట్టుకుని, ఒక మైక్రోసెకనుకు మించి తేడా ఉన్నవన్నీ బాక్సు నంబర్ల వరసలో రాసుకుంటూ పోయింది. నలభై ఒకటి తేలాయి. ఒంటిగంటకు పది నిమిషాలుండగానే జాబితా ఇచ్చేసింది. "ఇంత పనికొచ్చే కాగితాన్ని ఇన్నేళ్లూ ఎవరూ అడగకపోవడమేమిటి!" అన్నాడు మేనేజరు, అందరూ వినేలా. ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర ఆమె ఎప్పటికంటే ఎక్కువ మాట్లాడింది.

నోటీసులు టైపు చేసింది నేనే. "మీ సెట్‌టాప్ బాక్సును అనుమతి లేకుండా వేరే చోటికి తరలించినట్టు రుజువైనందున మీ కనెక్షన్ నిలిపివేయడమైనది." ముందు "తెలిసినందున" అని కొట్టాను. చప్పగా ఉందనిపించి "రుజువైనందున" అని దిద్దాను. మర్నాడు నలభై ఒక్క తలుపుల మీదా అవి అంటించారు. కంట్రోల్ రూములో నలభై ఒక్క బాక్సులూ ఆపేశారు.

మూడో రోజు పదకొండు గంటలకు ఒక పెద్దాయన ఆఫీసుకు వచ్చాడు. గుడ్డసంచీలోంచి సెట్‌టాప్ బాక్సు తీసి, వైర్లు చక్కగా చుట్టి రబ్బరుబ్యాండు వేసి ఉన్నదాన్ని, లేటు మేడమ్ బల్ల మీద పెట్టాడు. ముప్పై ఏళ్లు ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి మానేశాడట.

"చూడమ్మా," అన్నాడు, గొంతు పెంచకుండానే. "మా ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఇది టీవీ బల్ల దిగి ఎరగదు. గడప దాటడం ఇవాళే మొదటిసారి, అదీ నీ దగ్గరికి తీసుకురావడానికి. మా సందులో పిల్లా పెద్దా నా చేతి మందు తాగినవాళ్లే. ఇన్ని చుక్కలంటే అన్ని చుక్కలే పోసినవాణ్ణి. ఇప్పుడు నా తలుపు మీద రుజువైందని కాగితం అంటించారు. ఏం రుజువైందో చెప్తే విని వెళ్లిపోతాను."

నేను టైపు మిషను మీదనుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

ఆమె ఆయన్ని కూర్చోమని, సందు పేరు అడిగి, రిజిస్టరులో ఆ పేజీ తీసింది. జాబితాను పక్కన పెట్టుకుని ఒక్కో నంబరూ వేలుతో వెతికింది. నలభై ఒకటిలో ముప్పై ఎనిమిది ఆ ఒక్క సందువే. ఎంత తేడా అని చూసింది. ఒకటి పాయింటు తొమ్మిది. కింది ఇల్లు, ఒకటి పాయింటు తొమ్మిది. ఆ కిందిదీ అంతే. ముప్పై ఎనిమిదీ చూశాక పెన్సిలు పక్కన పడేసింది.

"ముప్పై ఎనిమిది ఇళ్లవాళ్లు కూడబలుక్కుని, తలా రెండొందల నలభై మీటర్లు కొలుచుకుని బాక్సులు మోసుకెళ్తారా?" అంది నాకేసి తిరిగి. "బాక్సులు ఎక్కడివక్కడే ఉన్నాయి. సందుకు వచ్చే వైరే పొడుగైంది. ఇది చూడ్డానికి పావుగంట పట్టింది. ఆ పావుగంట నేను మొన్న పెట్టలేదు."

కాంపౌండరుగారికేసి తిరిగి "తప్పు నాదండీ" అంది.

ఆయన బాక్సును తిరిగి సంచీలో పెట్టుకున్నాడు. "నువ్వు ఒప్పుకున్నావు, సంతోషం. కానీ నువ్వొక్కదానివే కదా విన్నావు. ఆ కాగితం మా సందంతా చదివింది."

ఆమె మేనేజరు గదిలోకి వెళ్లింది. అతను అంతా విన్నాడు. వైరు మారిస్తే లైన్ వాళ్ల రిజిస్టరులో ఉండాలి కదా అన్నాడు. తెప్పించి చూస్తే ఆ సందులో ఏడాదిగా ఏ పనీ జరిగినట్టు లేదు. "ఆధారం చూపించండి మేడమ్, వెంటనే ఇప్పిస్తాను. మొన్న ఒక మాట, ఇవాళ ఒక మాట అంటే నేను పైవాళ్లకు ఏం చెప్పుకోను?" అన్నాడు. అందులో అన్యాయం ఏమీ లేదు.

ఆమె మరిదికి ఫోను చేసింది. "అక్కడ మేం చెయ్యి కూడా పెట్టలేదు వదినా" అన్నాడతను, ఆమె ప్రశ్న ఇంకా పూర్తి కాకుండానే.

ఫోను పెట్టేసి నాతో అంది. "వాడు అబద్ధం ఆడేటప్పుడు మెడ గోక్కుంటాడు. ఇప్పుడు గోక్కున్న చప్పుడు కూడా వినిపించింది."

ఆ మధ్యాహ్నమే కాంపౌండరుగారితో కలిసి బస్సెక్కింది. రిజిస్టరు మోసుకుంటూ నేనూ వెళ్లాను. ఆ నోటీసులు కొట్టిన చేతులతో ఆఫీసులో కూర్చోబుద్ధి కాలేదు.

ఇద్దరు పక్కపక్కన నడిస్తే భుజాలు రాసుకునేంత సందు. రంగు డబ్బాల్లో మొక్కలు, గోడలకు ఆనించిన సైకిళ్లు, మెట్ల మీద ఆరబెట్టిన చెప్పులు. తలుపు తలుపుకీ మా కాగితం. ఒకరు గోటితో గీకి సగం ఊడదీశారు. ఒకరు దాని మీదే "మీరే దొంగలు" అని ఎర్ర సిరాతో రాశారు. లేటు మేడమ్ ఆ సందును చూడటం అదే మొదటిసారి. ప్రతి గుమ్మం ముందూ ఒక క్షణం ఆగి కదిలింది. మెట్ల మీద కూరగాయలు తరుగుతున్న ఒకావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి "కేబుల్ వాళ్లా? బాగానే ఉంది, చేసిన పని చూసుకోవడానికి వచ్చారు" అంది.

సందు మొగలో పెద్ద రోడ్డు. మా మ్యాపు ప్రకారం వైరు అవతలి వైపు స్తంభం నుంచి రోడ్డు మీదుగా నేరుగా ఇటు రావాలి. తలెత్తి చూస్తే పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. స్తంభానికి ఖాళీ కొక్కెం వేలాడుతోంది. నల్ల వైరు మాత్రం రొట్టెల దుకాణం గోడ పట్టుకుని పక్కకు పోతోంది. దాని వెంట నడిచాం. అది నడక వంతెన దాకా వెళ్లి, వంతెన కిందనుంచి రోడ్డు దాటి, అవతలి గోడల మీదుగా మళ్లీ అంత దూరమూ వెనక్కి వచ్చి స్తంభాన్ని చేరింది. మేడమ్ పోనూ రానూ అడుగులు లెక్కపెట్టింది. రెండొందల నలభై మీటర్లకు సరిపోయింది.

"ఈ వైరు సంగతా మీరు వెతుకుతున్నది?" అన్నాడు కాంపౌండరుగారు. "ముందే అడిగితే చెప్పేవాణ్ణిగా. రెండు నెలల కిందట ఎత్తుగా సామాను వేసుకొచ్చిన లారీ తగిలి పుటుక్కున తెగింది. గంటలో మీవాళ్లు వచ్చారు. మళ్లీ రోడ్డు మీదుగా కడితే ఇంకో లారీ తెంపుతుందని ఇలా చుట్టూ లాగారు. చీకటి పడేలోగా బొమ్మ వచ్చేసింది. నిచ్చెన నేనే ఇచ్చాను. పొడుగ్గా, నుదుటి మీద మచ్చతో ఒకాయన పైకెక్కి చేశాడు. మంచి పనివాడు."

నుదుటి మీద మచ్చ ఎవరిదో నాకూ తెలుసు. మేడమ్ రిజిస్టరు నా చేతిలోంచి తీసుకుని గుండెకు ఆనించుకుంది.

ఆ సాయంత్రం జరిగింది ఆమె తర్వాత చెప్తే విన్నాను. మరిది కుటుంబం ఉండేది ఆమె ఇంటి పైభాగంలోనే. ఆమె పెళ్లయి వచ్చేనాటికి అతను ఎనిమిదో తరగతి. లెక్కలు చెప్పి గట్టెక్కించింది ఈమే. పనినుంచి వస్తున్నవాణ్ణి మెట్ల దగ్గరే ఆపి టీ గ్లాసు చేతికిచ్చింది.

"లారీ వచ్చి వైరు తెంపిందటగా?"

అతను గ్లాసు మెట్టు మీద పెట్టేశాడు. "ఎవరు చెప్పారు?"

"నీకు నిచ్చెన ఇచ్చినాయన. మంచి పనివాడని మెచ్చుకున్నాడు కూడా."

అప్పుడు అతనే సంగతి విప్పాడు. "యాభై మీటర్లు దాటి వైరు లాగాలంటే పైనుంచి అనుమతి కావాలి వదినా. వారం పడుతుంది. సందంతా బయటికొచ్చి మా మొహాలు చూస్తోంది. వారం ఆగండని ఎట్లా చెప్పను? తర్వాత నెమ్మదిగా రాద్దామనుకున్నా. ఇంతలో ఈ కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చీ రాగానే, రిజిస్టరులో రాయని పని చేశారని ఇద్దర్ని ఇంటికి పంపేశాడు. దాంతో నోరు కుట్టేసుకున్నా."

"నువ్వు చేసింది మంచి పనే రా. రాయకపోవడం తప్పు. నేను చూడకుండా రాసి ఇవ్వడం అంతకంటే పెద్ద తప్పు."

"చెప్పకుండా ఉండలేవా?"

"ముప్పై ఎనిమిది తలుపుల మీద దొంగలని రాసుంది. పొద్దున్న పది గంటలకు మేనేజరు దగ్గరికి వెళ్తున్నాను. నువ్వు వస్తావా, నేనొక్కదాన్నే వెళ్లాలా, ఆలోచించుకో."

అతను టీ తాగకుండానే మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు సరిగ్గా పదింటికి ఆమె రిజిస్టరుతో మేనేజరు గది తలుపు తోసింది. లోపల మరిది అప్పటికే నిలబడి ఉన్నాడు. తొమ్మిదిన్నరకే వచ్చి అంతా చెప్పేశాడట. మేనేజరు మొదటిసారిగా కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"కూర్చోండి మేడమ్. మీవాడు చెప్పాడు."

"నాది కూడా వినండి సార్. మీరు అడిగారన్న సంబరంలో నేను వీధుల వారీగా చూడలేదు. చూసి ఉంటే అక్కడే తెలిసేది. అసలు తప్పు అక్కడ మొదలైంది."

అతను బల్ల మీదున్న నోటీసు కాపీ తిప్పి చూశాడు. "సంతకం నాది కదా," అన్నాడు మెల్లగా. "సరే. పావుగంటలో బాక్సులన్నీ వెలుగుతాయి. దాంతో అయిపోయినట్టేగా?"

"లేదు సార్. అందరూ చదివేలా కాగితం అంటించాం. మళ్లీ కాగితమే అంటించాలి. అదే తలుపు, అదే సైజు."

"ఎవరు అంటిస్తారు?"

"నేను."

టైపు నాదే. ఈసారి మాటలు ఆమె చెప్పింది. "మీరు బాక్సును ఎక్కడికీ తరలించలేదు. మేము వైరు మార్చి, ఆ సంగతి రాసుకోలేదు. సరిగా చూడకుండా మిమ్మల్ని నిందించాం. మీకు జరిగిన అవమానానికి క్షమించండి." అలవాటు కొద్దీ నేను "కలిగిన అసౌకర్యానికి" అని మొదలుపెట్టాను. ఆమె నా భుజం తట్టింది. "అసౌకర్యం అంటే బొమ్మ రాకపోవడం. ఇది అవమానం. ఉన్న మాట రాయండి."

ముగ్గురం వెళ్లాం. మరిది జిగురు బకెట్టు పట్టుకున్నాడు, నేను కాగితాలు అందించాను, ఆమె బ్రష్షుతో పాతదాని మీద కొత్తది అంటించుకుంటూ పోయింది. అంటించిన చోటల్లా తలుపు తట్టి, నోటితో కూడా చెప్పింది. కొందరు తలుపు తియ్యలేదు. ఒకాయన పది నిమిషాలు తిట్టాడు, నిలబడి విన్నాం. కూరగాయలు తరిగే ఆవిడ మాత్రం నిట్టూర్చింది. "ఈ మూడు రోజులూ టీవీ లేక మా ఆయన నాతో కబుర్లు చెప్పాడు. ఇంత తొందరగా ఎందుకు ఇచ్చేశారమ్మా?"

కాంపౌండరుగారు కళ్లద్దాలు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత జిగురు బకెట్టు పట్టుకున్న మరిదిని చూసి, "నువ్వా! ఆ రోజు నిచ్చెన తిరిగివ్వడం మర్చిపోయి మీ బండిలో పెట్టుకుపోయావు" అన్నాడు. మరిది నాలిక్కరుచుకున్నాడు. మర్నాడే తెచ్చి ఇచ్చి, ఊగుతున్న మెట్టు కూడా బిగించి వచ్చాడు.

జాబితాలో మిగిలిన మూడు బాక్సుల్లో ఒకటి నిజంగానే క్షవరశాలలో దొరికింది. ఇంకొకటి వెనక వీధికి ఇల్లు మారి చెప్పడం మర్చిపోయిన వాళ్లది. మూడోది బాక్సు లోపలి లోపం. ఈసారి మూడింటినీ మనిషి వెళ్లి చూశాకే తేల్చారు. రిపోర్టు ఒక్కటే పట్టుకుని ఎవరి కనెక్షనూ ఆపకూడదని మేనేజరు సొంత చేతిరాతతో రాసి కంట్రోల్ రూములో అంటించాడు.

మరిదికి హెచ్చరిక ఉత్తరం వచ్చింది. ఆరు నెలలు పెద్దరికం తీసేసి ఇంకొకరి కింద పెట్టారు. నెల రోజులు వదినతో మాట్లాడలేదు. అందరూ ఒకే బల్ల దగ్గర భోంచేసే ఇల్లు. "అన్నయ్యా, ఆ నీళ్ల జగ్గు ఇటిమ్మని వదినకు చెప్పు" అనేవాడట, జగ్గుకు అవతల ఆమె కూర్చుని ఉండగానే. ఆమె కూడా "ఇదిగో ఇచ్చానని మీ తమ్ముడికి చెప్పండి" అనేది. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఫోను మోగింది. నేనే ఎత్తాను. "వదినకివ్వండి" అన్నాడు. ఆమె అందుకుంది. "రాసుకో," అన్నాడు అటునుంచి, నాకు కూడా వినబడేలా. "గోదాముల వెనక ముప్పై మీటర్లు కొత్త వైరు వేశాం. ఇప్పుడే." ఆమె రాసుకుంది. "భోంచేశావా?" అని అడిగింది. ఆనాటినుంచి అడుగు వైరు మారినా ముందు ఆమెకు ఫోను వస్తుంది.

ఇది జరిగి ఐదేళ్లయింది. ఆ మేనేజరు బదిలీ అయిపోయాడు, మరిది మళ్లీ లైన్ వాళ్లకు పెద్ద అయ్యాడు. ఆమె మాత్రం నెలకు రెండు శనివారాలు మధ్యాహ్నం పూట, రిజిస్టరులోని ఏదో ఒక పేజీ పట్టుకుని ఆ పేజీలోని వీధిని కళ్లారా చూసి వస్తోంది. ఎవరూ చెయ్యమనలేదు. పోయిన శనివారం నేనూ వెంట వెళ్లాను. మేం కేబుల్ వాళ్లమని తెలిసి ఒక ముసలావిడ లోపలికి పిలిచి, రిమోటులో బ్యాటరీలు మార్చిపెట్టమంది. మేడమ్ మార్చింది. ఆవిడ టీ పెట్టింది. తాగి, బస్సెక్కి వచ్చేశాం.